ఎర్రబారిన పెళ్లి దుప్పటి

నా చిన్నప్పుడు, పీర్ల పండుగ రోజుల్లో ఒక పొద్దున, పక్కింటి అక్క నానేసిన తెల్ల దుప్పటి తొట్టిలోనే ఎర్రబారింది. నేను వాళ్ల వాకిట్లోనే ఉన్నాను. అక్క చెయ్యి నీళ్లలోంచి తీసి అటూ ఇటూ తిప్పి చూసుకుంది, ఎక్కడన్నా కోసుకుందేమోనని. చెయ్యి బాగానే ఉంది. దుప్పటి మీదే నెత్తురు పడ్డట్టు రెండు పెద్ద మచ్చలున్నాయి. అలికిడికి బయటికి వచ్చిన వాళ్ల అత్త వాటిని చూసి గడప మీదే కూలబడింది.

"గిదేందే! పెండ్లి పసుపు నెత్తురైంది! నా కొడుకును మింగినవా?" అని కేక పెట్టింది.

ఆమె అట్లా ఎందుకు అరిచిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మాది కొత్తకోట దగ్గరి ఊరు. వానను నమ్ముకుని బతకడం కుదరని నేల. కోతలు అయిపోగానే మగవాళ్లు గుంపు మేస్త్రి వెంట బొంబాయి పనులకు పోయేవాళ్లు, పీర్ల పండుగకు తిరిగొచ్చేవాళ్లు. అక్క పెనిమిటి కూడా పెళ్లయిన ఏడే వాళ్ల వెంట బొంబాయికి పోయాడు. ఆ పండుగకు గుంపంతా లారీ దిగింది. ఆయన దిగలేదు. "పూనాల దిగిండు. ఎనక బండికి వస్త అన్నడు" అని మేస్త్రి చెప్పి, తన మూట తాను ఎత్తుకుని పోయాడు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో ఎవరికీ కాలు నిలవలేదు. రోడ్డు మీద బస్సు హారన్ వినిపిస్తే చాలు, అత్త చేతిలో చేట ఎక్కడిదక్కడ పడేసి వీధిలోకి వచ్చేది. అక్క అలికిన ఇల్లే మళ్లీ అలికేది. ఆ ఆత్రం మా పిల్లలకూ అంటుకుంది. దుమ్ము లేస్తే గుట్ట ఎక్కి చూసేవాళ్లం. అది మేకల మందది అయితే, మేకల మీద కోపం వచ్చేది.

ఆ దుప్పటి, పెళ్లిలో నలుగు పెట్టేటప్పుడు ఇద్దరినీ కూర్చోబెట్టినది. అక్క పుట్టింటివాళ్లు సన్న నూలుతో నేయించారు. ఎత్తి పట్టుకుంటే అవతలి మనిషి ఆనవాలు తెలిసేంత పలచన. ఇద్దరూ కూర్చున్న చోట్ల పసుపు రెండు మచ్చలుగా దిగిపోయింది. అంత సన్నటి నూలును మా దిక్కు ఎవరూ బండకేసి కొట్టరు. కుంకుడుకాయ నురుగులో ముంచి, పిండకుండా తీసి ఆరేస్తారు. అక్కకు ఆ సంగతి తెలుసు. కానీ ఆ పొద్దున ఆమెకు ఓపిక లేదు. ఏ బస్సుకు మనిషి దిగుతాడో, దిగేసరికి పక్క తెల్లగా ఉండాలి. అందుకని చెరువు గట్టు నుంచి తెచ్చిన, మురికి వదలగొట్టే చౌడు మట్టి ఉడుకునీళ్లలో కలిపి, దుప్పటి అందులో ముంచింది.

కేక విని మా అవ్వ, అంటే మా నాయన తల్లి, గోడ చుట్టూ తిరిగి వచ్చింది. తొట్టిలోకి ఒకసారి వంగి చూసింది.

"ఓ చెల్లె, నెత్తురు గాదే. సౌడు తాకితే పసుపు ఎర్రగైతది. నా చీర కొంగు గిట్ల ఎన్నిసార్లు అయిందో!"

"నీకేందక్కా, నీ కొడుకు ఇంట్ల పండుకున్నడు. నువ్వు గట్లనే అంటవు."

అత్త కోడలి వైపు తిరిగింది. "లెవ్వు. మూట గట్టుకో. పొద్దు గూకకముందే మీ తల్లిగారింటికి వో."

అక్క ఏడవలేదు. తడిచేతులతో అట్లాగే నిలబడింది. మొగుణ్ణి మింగిందన్న మాటతో ఇల్లు దాటితే ఆ మాట ఆమె కంటే ముందే పుట్టింటికి చేరుతుంది. తర్వాత ఆయన వచ్చినా ఆ మాట పోదు. పిల్లనైనా నాకు ఆ భయం అర్థమైంది. ఎందుకంటే వాకిట్లో చేరిన ఆడవాళ్లు అప్పటికే ఒకరి చెవి ఒకరు కొరుక్కుంటున్నారు.

అవ్వ నా రెక్క పట్టుకుని ఇంటికి లాక్కుపోయింది. చింతపండు పిసికి, బట్టకు మరక పడకుండా పలచగా వడగట్టి, ఇత్తడి చెంబులో పోసి, పైన వేపమండ పెట్టింది. ఎందుకని అడిగితే, "నోరు మూసుకొని నడువు, పిల్లా" అంది.

తిరిగి పోయేసరికి అక్క మూట ముడి వేస్తోంది. అవ్వ చెంబు రెండు చేతులా ఎత్తి పట్టింది. "మైసమ్మ గుడి కాడి నీళ్లు తెచ్చిన. నీ కొడుకు పానం మంచిగుంటే పసుపు మల్ల పసుపే అయితది. లేకుంటే నీ మాటే నిజం. సరేనా?"

అత్త తల ఊపింది. అవ్వ వేపమండతో ముందు చిలకరించి, తర్వాత మచ్చల మీద చెంబు వంచింది. ఎరుపు అంచుల నుంచి విరిగి, చూస్తుండగానే పసుపు పైకి తేలింది. గుమిగూడినవాళ్లలో ఎవరో చేతులు జోడించారు. అత్త తడి దుప్పటినే కళ్లకు అద్దుకుని, "ఉన్నడు, నా కొడుకు ఉన్నడు" అని ఏడ్చింది. మూట ముడి ఆమే విప్పింది.

ఆ మధ్యాహ్నం అవ్వ దుప్పటిని చన్నీళ్లలో జాడించి, ఊరి వెనక పరుపుబండ మీద పరిచింది. నన్ను కాపలా పెట్టింది. మబ్బు వస్తే ఎత్తడం, ఎండ వస్తే పరచడం నా పని. ఆ రోజు మబ్బూ ఎండా రెండూ నిలకడగా లేవు. ఎత్తి పరిచేసరికి చేతులు గుంజాయి. పసుపు మాత్రం కొంచెం కొంచెంగా వెలిసిపోతూ వచ్చింది.

"సౌడుకు ఎరుపు, పులుపుకు పసుపు, ఎండకు తెలుపు. గంతే. మైసమ్మ లేదు, ఏం లేదు" అంది అవ్వ.

"మరి అబద్ధం ఎందుకు చెప్పినవ్?"

"నిజం ముందుగాల్నే చెప్పిన గదనే. ఇన్నదా?"

అదే పాఠం అనుకున్నాను. చాలా తెలివైన పాఠం అనుకున్నాను. కానీ ఆయన ఆ పండుగకు రాలేదు, మరుసటి పండుగకూ రాలేదు. మొగుడు పోయినా, వదిలేసినా వాళ్ల కులంలో మారుమనువు తప్పు కాదు. జడ్చర్ల దిక్కు ఒక సంబంధం చూసుకుని అక్క అన్న వచ్చాడు. అత్త ఒకటే మాట అంది: "పసుపు మల్లొచ్చింది, ఊరంత జూసింది. మొగడు బతికుండంగ మారుమనువేంది?" ఆ అన్న నీళ్లు కూడా తాగకుండా పోయాడు.

ఆ రోజు అవ్వ అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్నే అక్క దగ్గరికి పోయి, చింతపండు సంగతి చెప్పేసింది. నేను వెనకే ఉన్నాను. అక్క బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు.

"నాకు గా పొద్దే ఎరుకైంది, అవ్వా. దుప్పటి మడతల పులుసు వాసనొచ్చింది."

"మరి మీ అన్న ఎంబడి ఎందుకు వోలేదే?"

అక్క రాళ్లు ఏరుతూ కూర్చుంది.

తర్వాత నా బతుకంతా పత్రికలో, జిల్లా వార్తలు దిద్దే బల్ల దగ్గర గడిచింది. ఊరంతా కళ్లారా చూసిందట అన్న వార్త ఏది వచ్చినా నాకు చింతపులుసు వాసన తగులుతుంది. పెన్ను ఆగుతుంది. విలేకరి ఎవరిని అడగలేదో వెతుక్కుంటాను. మొన్న షాద్‌నగర్ నుంచి మనుమరాలు ఫోన్ చేసింది. వెదురు నారతో నేసిన కొత్త దుప్పటి మీద పప్పు ఒలికిందట, సబ్బు పెడితే ఎర్రగా అయిందట. "అమ్మమ్మా, పాడైపోయిందా?" అని ఒకటే కంగారు. రుద్దొద్దు, నిమ్మరసం నీళ్లలో కలిపి పోయి, చన్నీళ్లలో జాడించి ఎండలో వెయ్యి అన్నాను. అవ్వ మైసమ్మ పేరు చెప్పిన సంగతి కూడా చెప్పబోయి ఆగిపోయాను.

అత్త పోయి చాలా కాలమైంది. అక్క ఆ ఇంట్లోనే ఉంది, ముఖాన బొట్టుతో. ప్రత్యేక రాష్ట్రం వచ్చాక, బొంబాయిలో ముసలివాళ్లయినవాళ్లు కొందరు ఊరికి తిరిగొచ్చారు. ఒక్కొక్కరినీ ఇంటికి పిలిచి, చాయ్ పోసి అడిగింది. ఆయన పూనాలో ఎందుకు దిగాడో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.