శివకృష్ణ కట్టిన కొత్త ఆట

తాపీ నది ఒడ్డున ఉన్న ఈ ఊరికి ప్లేగు వచ్చిపోయిన మూడేళ్లకు, తెలుగు నేతగాళ్లుండే మా పర్వత్ పాటియా గల్లీలోకి ఒక ఇంగ్లీషు ఆట వచ్చింది. తెచ్చినవాడు క్రాంతి. హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరు, నదికి అవతల అడాజన్‌లో కాపురం. సెలవు రోజున మా పద్మశాలి సంఘం గదికి వచ్చి, మగ్గాల మీద పనిచేసే కుర్రాళ్లకు ఇంగ్లీషు నేర్పేవాడు. పాఠం ఎవరి తలకూ ఎక్కడం లేదని ఒకరోజు ఆ ఆట పెట్టె విప్పాడు.

ఆ గది పక్కిల్లే నాది. నన్ను అందరూ చిన్నవ్వ అంటారు. పక్కన నవ్వులు వినపడుతుంటే ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాదు. బియ్యం చేటతో సహా వెళ్లి గుమ్మంలో కూర్చున్నాను.

ఆట ఏమిటంటే, ఒకడు కథ చెబుతాడు, మిగిలినవాళ్లు ఆ కథలో మనుషులు. ఒకడు కత్తి పట్టిన వీరుడు, ఒకడు మంత్రగాడు, ఒకడు దొంగ. గుహలో రాక్షసి ఎదురైతే ఏం చేస్తావని కథ చెప్పేవాడు అడుగుతాడు. అనుకున్నది అయిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. అవి మన పాచికల్లాంటివి కావు, ఒకదానికైతే ఇరవై ముఖాలు. దిండంత లావు పుస్తకాలు. విదేశాల్లో ఇరవై ఏళ్లకు పైగా ఆడుతున్నారట.

ఆ ఆటతో మారిపోయినవాడు శివకృష్ణ. సిరిసిల్ల వైపు నుంచి ఒక్కడే వచ్చాడు. రోజంతా మగ్గాల చప్పుడులో ఉండి, గదికొచ్చి పడుకోవడమే తెలుసు. తిన్నావా అని అడిగితే తల ఊపేవాడు, అంతే. అలాంటివాడు మంత్రగాడై, రాక్షసిని మాటల్లో పెట్టి, దాని చేతే గుహ తలుపు తీయించాడు. నేను బియ్యం ఏరడం మరిచిపోయాను. అప్పటినుంచి వారమంతా వాడు ఆ సెలవు రోజు కోసమే బతికినట్టుండేది.

ఇంతలో క్రాంతికి జామ్‌నగర్ బదిలీ అయింది. పెట్టె ఇక్కడే వదిలి వెళతానన్నాడు కానీ, ఆ పుస్తకాలు చదివి కథ నడిపేది ఎవరు? ఆట ఆగితే ఎవరి షిఫ్టు వాళ్లది, ఎవరి గది వాళ్లది. శివకృష్ణ మళ్లీ తల ఊపడం మొదలుపెట్టాడు.

తర్వాతి సెలవుకు మాత్రం కొత్త ఆట ఒకటి కట్టుకొచ్చాడు. తెలుగులో. పుస్తకం లేదు, సూత్రాలన్నీ నోటి మీదే, ఆరు ముఖాల మామూలు పాచిక. తాపీ నది కింద మునిగిన నగరం, అందులో నీళ్లతో బట్ట నేసే యక్షులు. రెండింటినీ పోల్చి చూద్దామని క్రాంతే అన్నాడు. పొద్దున పాతది, మధ్యాహ్నం కొత్తది.

పొద్దుటి ఆట పరుగెత్తింది. మధ్యాహ్నం ఆట కూలబడింది. శివకృష్ణ పెట్టిన సూత్రం అలాంటిది మరి. పాచిక ఒకటి పడితే పోగు తెగినట్టు. తెగిన పోగు కట్టేదాకా, అంటే వాడికి ఆరు పడేదాకా, ఎవరూ కదలకూడదు. పోగు తెగితే మగ్గం ఆపాలన్నది చిన్నప్పటి నుంచి విన్నవాడు, ఆటలోనూ అదే పెట్టాడు. ఒకడికి ఒకటి పడేది, అందరూ చేతులు ముడుచుకుని కూర్చునేవారు.

ఆడే కుర్రాళ్లలో ఒకడు, ఉమాకాంత్, ఆవలించి, "ఏందిరా, సెలవు నాడు గూడ పోగులే కట్టిస్తవా?" అన్నాడు.

వాడి పక్కనున్న అంబదాస్ తనకు ఇంగ్లీషు రాక్షసే నయమంటూ లేవబోయాడు. శివకృష్ణ పాచిక తీసి జేబులో వేసుకున్నాడు.

నాకు అడగకపోతే నిద్ర పట్టదు. "ఒక్క మాట చెప్పు బిడ్డా. నీ మగ్గంల పోగు తెగితే పక్క మగ్గాలు ఆగుతయా?"

"లేదవ్వా. అవి నడుస్తనే ఉంటయి."

"మరి ఈడ అందర్ని ఎందుకు కూసోవెట్టినవ్?"

వాడు జేబులోంచి పాచిక మళ్లీ తీశాడు. "గట్లయితే... ఒకటి పడ్డోడు జర ఆగాలె. కథ పక్కోడు అందుకోవాలె. షిఫ్టు మారేటప్పుడు నడిచే మగ్గాన్నే అప్పజెప్తం కద, గట్ల."

ఇక కథ ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి దూకింది. ఉమాకాంత్ యక్షుల చేత జిలేబీలు తినిపించాడు. అంబదాస్ ఒక యక్షిణితో పెళ్లి కుదుర్చుకున్నాడు. క్రాంతి పడవవాడయ్యాడు. ఇన్నాళ్లూ కథ చెప్పడమే గానీ కథలో మనిషిని కావడం ఇదే మొదలని అంటూ, మొసలి నోట్లోకి సంతోషంగా దూకాడు.

నన్నడిగితే ఆటగా పాతదే గట్టిది. ఏ రాక్షసికి ఎంత బలమో ముందే తేల్చి ఉంటుంది, పాచిక దొర్లుతుంటే గుండె ఆగుతుంది. కొత్తదాంట్లో చచ్చినవాడు నాలుగు మాటలకే లేచి కూర్చుంటాడు. కానీ పాతది ఒక్క మనిషి మీద నిలబడింది. ఆ మనిషి రైలెక్కితే అదీ ఎక్కుతుంది.

క్రాంతి వెళ్లిపోయాడు. మరుసటి సెలవున మగ్గాల యజమాని సేఠ్ వాటిని తుడిపించడంతో శివకృష్ణకు ఆలస్యమైంది. ఎవరూ వచ్చి ఉండరన్న బెంగతో, జుట్టుకంటిన మగ్గాల నూగు కూడా దులుపుకోకుండా పరుగున వచ్చి గుమ్మంలో ఆగాడు. లోపల ఉమాకాంత్ కథ చెబుతున్నాడు. వీడి కోసం ఎవరూ ఆగలేదు. నొచ్చుకున్నాడేమోనని వాడి ముఖంలోకి తొంగి చూశాను. లేదు. చెప్పులు విడిచి, అంబదాసును మోకాలితో పక్కకు నెట్టి కూర్చున్నాడు.

"నేనేడున్ననో చెప్పుర్రి. ఒడ్డు మీదనా, నీళ్లలనా?"

"నీళ్లలనే," అన్నాడు ఉమాకాంత్. "ఈత కొట్టు."