పాటలో గోడల వంతు

మొన్న ఆదివారం వికారాబాద్ నుంచి రైల్లో తాండూరు వెళ్లి, మా లూథరన్ చర్చి కొత్త భవనంలో కూర్చున్నాను. పిల్లలు కీబోర్డు మీద కీర్తన అందుకుని ఊపిరి తిప్పుకోనివ్వకుండా పాడుకుపోతుంటే, వెనక బెంచీలోని ముసలివాళ్లం ప్రతి చరణానికీ వెనకబడిపోయాం.

మేము ఆగి పాడిన తరం. పాత చర్చి గోపురం రైల్వే స్టేషను నుంచే కనిపించేదని, మా పాట పక్క ఊరు బషీరాబాద్ దాకా వినిపించేదని అందరికీ చెబుతుంటాను గానీ, మీ దగ్గర దాచడమెందుకు, గోపురం కనబడాలంటే మా వీధి మలుపు తిరగాల్సిందే, పాట కూడా గాలి లేని పూట ఆ మలుపు దాకానే. గోడల సంగతి మాత్రం నిజం. మూరెడు మందం రాతి గోడలు, ఎత్తయిన గుండ్రటి డంగుసున్నం కప్పు, కింద నాపరాళ్లు. ఒక పాదం పాడి ఆగితే అది పైకి వెళ్లి, కమాన్ల కింద తిరిగి, మెల్లగా మన దగ్గరికే వచ్చేది. అది వచ్చేదాకా రెండో పాదం ఎత్తకూడదన్నది గాయక బృందాన్ని నడిపే మా అన్న పెట్టిన నియమం. ఎవరైనా తొందరపడితే హార్మోనియం ఆపి, "జర గోడను గూడ పాడనియ్యిరా, నీ బస్సేమన్న పోతదా?" అనేవాడు.

వారమంతా అన్న నాపరాళ్ల పాలిష్ మిషను దగ్గర పనిచేసేవాడు. ఆ దుమ్మే ఊపిరితిత్తుల్లో పేరుకుందని వికారాబాద్ డాక్టరు చెప్పేనాటికి, ఆయనకు ఒక్క పాదం పూర్తిచేసే ఊపిరి లేదు. అప్పుడే, కప్పు పగుళ్లిచ్చిందని సంఘ పెద్దలు చర్చిని కూల్చడానికి తీర్మానించారు. ఎవరినీ ఏదీ అడగని అన్న మంచం మీంచి, "నన్ను సాగనంపినంక కూలగొట్టుర్రి. గా కప్పు కింద నాకు పాట పాడుర్రి, చాలు" అని కబురు పెట్టాడు. పెద్దలు సరేనన్నారు, ఆగారు కూడా. కానీ అన్న ప్రాణం వాళ్ల ఓపికను మించి నిలిచింది. వానలకు ముందే పని మొదలుకావాలని కప్పు దించేశారు. ఆ వారంలోనే ఆయన పోయాడు.

ఆనాడు తాండూరంతా కదిలివచ్చిందని రాయాలని ఉంది. వచ్చింది మా వాడవాళ్లం, అంతే. సున్నపు పెళ్లలు ఊడ్చి, మొండిగోడల మధ్య పెట్టె దించాం. మొదటి పాదం పాడి, అలవాటుగా ఆగాం. నెత్తిన ఎండ; ఏదీ తిరిగి రాలేదు. అయినా రెండో పాదం ఎవరమూ ఎత్తలేకపోయాం. చివరికి వదినే పెట్టె పక్కనుంచి తలెత్తి, "ఇంక దేనికోసం సూస్తుర్రు? పాడుర్రి, లేకుంటె ఆయన ఇనకుంటనే పోతడు" అంది.

ఇప్పటి పిల్లలు ఆగరు, ఆగాల్సిన పనీ లేదు. స్పీకర్లు పాటను సూటిగా చెవిలోనే వేస్తాయి. బాగానే పాడుతున్నారు. రేపు నాకూ వాళ్లే పాడతారు, ఎక్కడా ఆగకుండా, త్వరగా అయిపోయేలా.