పెట్రోలు బంకులో వదిన వాదన

పెళ్ళిచూపులకూ బ్యాంకు పరీక్షలకూ ఆడపిల్లలం ఒకే పాస్‌పోర్టు ఫొటో వాడుకునే రోజులవి. రామచంద్రపురంలో నేనూ మా వదినా ఒకే పుస్తకం ముందేసుకుని బ్యాంకు పరీక్షకు చదివేవాళ్ళం. అందులో నన్ను ఏడిపించిన ప్రశ్నలు ఒక రకమే. ప్రభుత్వ ప్రకటన ఒకటి ఇచ్చి, దాని కింద రెండు నిర్ధారణలు రాసి, అవి ఆ ప్రకటనలోంచి వస్తాయో రావో చెప్పమనేవారు. సొంత లోకజ్ఞానం వాడకూడదట (నా దగ్గరున్నది అదొక్కటే). వదిన మాత్రం పప్పులో పోపు పెడుతూనే, "అందులో ఏముందో చూడు అమ్మాయ్, నీ మనసులో ఉన్నది కాదు" అంటూ టకటకా తేల్చేసేది.

పరీక్ష రోజున అన్నయ్య మోపెడ్ మీద కాకినాడ బయల్దేరాం. నడిపేది వదినే. ఊరు ఇంకా రాకుండానే పెట్రోలు అయిపోయింది. ఆయాసపడుతూ బంకు దాకా తోసుకెళితే, బంకాయన పైపు తియ్యకుండా గోడమీద బోర్డు చూపించాడు. 'పై అధికారుల ఉత్తర్వు ప్రకారం, హెల్మెట్ లేకుండా బండి నడుపుతూ వచ్చేవారికి పెట్రోలు పొయ్యబడదు.' ఆలస్యమైతే పరీక్షకి లోపలికి రానివ్వరు. నాకు ఏడుపొచ్చేసింది. వదిన మాత్రం బోర్డును ప్రశ్నపత్రంలా చదివింది.

"నడుపుతూ వచ్చేవారికి అని ఉందండి. మేం తోసుకుంటూ వచ్చామండి. హెల్మెట్ లేనివాళ్ళెవరికీ పొయ్యకూడదని ఇందులోంచి రాదండి."

"పోశాక నడుపుతారు కదమ్మా?"

"నడుపుతామండి. ఆ మాట బోర్డులో లేదండి."

ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి, తన బోర్డు తనే చదువుకుని, "అవును సుమండీ!" అని పకపకా నవ్వి పెట్రోలు పోశాడు. తర్వాత మేకుకి వేలాడుతున్న తన హెల్మెట్ తెచ్చి వదిన చేతిలో పెట్టాడు. "బోర్డంటే మీ మాట వింది గానీ లారీలు వినవమ్మా. సాయంత్రం తెచ్చిచ్చెయ్యండి." వదిన బుద్ధిగా దాన్ని తలకి పెట్టుకుంది. ముక్కు దాకా దిగిపోయిన ఆ హెల్మెట్‌తో (అందులోంచి దారెలా కనిపించిందో నాకిప్పటికీ తెలీదు) పరీక్ష హాలు గేటు మూసేలోపు ఇద్దర్నీ చేర్చింది.

వదినకి ఉద్యోగం వచ్చింది, నాకు రాలేదు. ఆవిడ చేరేనాడు ఇంట్లోవాళ్ళంతా నా మొహంలోకి జాలిగా చూశారు. నేనేమో కొత్త ఓణీ వేసుకుని, "మా వదిన బ్యాంకులో చేరిందండీ" అని వీధంతా చెప్పుకుంటూ తిరిగాను. ఆ వెర్రిపిల్లని తలుచుకుంటే ఇప్పటికీ ముద్దొస్తుంది.