స్పెల్ట్ పాస్తా, ఆ తర్వాత అన్నం

చీరాల పురోహితుడు రాధాకృష్ణమూర్తి గారికి కళ్ళలో శుక్లాలు ముదిరాయి. మొన్న ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు పేరు బదులు వాళ్ళ నాన్న పేరు చదివేశారు. షుగర్ తగ్గితేనే ఆపరేషన్ అన్నారు ఆసుపత్రిలో. మాఘమాసంలోగా చూపు రాకపోతే ఆ పెళ్ళిళ్ళన్నీ, తనలాగే పురోహితుడైన బావమరిది రామకాంత్‌కి పోతాయి. అదీ ఆయన బెంగ.

షుగర్‌కి మంచిదని ఎవరో చెబితే గుంటూరు వెళ్ళి స్పెల్ట్ పిండితో చేసిన పాస్తా కొనుక్కొచ్చారు. స్పెల్ట్ అంటే యూరప్‌లో ఏనాటి నుంచో పండిస్తున్న ఒక రకం గోధుమ. ఆయన మాత్రం అది గోధుమే కాదనీ, మన ఋషులు తిన్న ధాన్యమే అయ్యుంటుందనీ తేల్చేశారు. అరుగు మీద కూర్చుని, పాకెట్టు వెనక భూతద్దం పెట్టి, వీధంతా వినేలా చదివేవారు.

"మాంసకృత్తులు పద్నాలుగు గ్రాములు! పీచు, ఇనుము, మెగ్నీషియం! మీరు తినే ఇడ్లీలో ఏముందయ్యా, గాలి!"

పిండిపదార్థం వరుస దగ్గరకొచ్చేసరికి ఆయనకు అక్షరాలు మసకబారేవి. అక్కడ వందకి డెబ్బై అని ఉంది.

భార్య కామేశ్వరి గారు దాన్ని ఉడికించి, కరివేపాకుతో పోపు పెట్టేవారు. మధ్యాహ్నం ఆయన పళ్ళెం నిండా తిని, చెయ్యి కడుక్కోకుండానే కూర్చునేవారు.

"ఇక అన్నం వడ్డించు."

"మరి ఇప్పుడు తిన్నదేమిటండీ?"

"అది టిఫినే! అన్నం తినకపోతే భోజనం ఎలా అవుతుంది?"

మన వైపు ఈ మాటకి ఎదురు చెప్పగల మనిషి ఇంకా పుట్టలేదు. నాలుగు దోశలు తిన్నవాడు కూడా పొద్దుటి నుంచీ అన్నం తినలేదని వాపోతాడు, విన్నవాళ్ళు అయ్యో పాపం అంటారు.

నెల తర్వాత రక్తపరీక్ష చూసి డాక్టర్ ఫెబా తలెత్తారు.

"పంతులు గారూ, షుగర్ ఇంకా పెరిగిందేమిటి?"

"స్పెల్ట్ తింటున్నానమ్మా!"

"అన్నం బదులా?"

"అన్నానికి బదులేమిటమ్మా!"

"రెండూనండీ," అన్నారు కామేశ్వరి గారు. "దానికో పళ్ళెం, దీనికో పళ్ళెం."

"స్పెల్ట్ కూడా గోధుమే. మైదా కన్నా నయమే కానీ, షుగర్‌కి మందు కాదండీ. ఏదో ఒకటే తినండి, అదీ కొంచెం. నెలాగి చూద్దాం."

నెలాగితే మాఘం వెళ్ళిపోతుంది.

ఇంటికొచ్చాక కామేశ్వరి గారు పాస్తా ఒక్కటే పెట్టారు. ఆయన తిన్నారు.

"ఏమే, నీరసంగా ఉంది. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు."

"కళ్ళు అక్కర్లేదా మీకు?"

"ఈ పెళ్ళిళ్ళు రామకాంత్‌ని చేసుకోమను. వాడూ పిల్లలు గలవాడేగా."

ముప్ఫై ఏళ్ళలో బావమరిది మీద ఆయనకు దయ కలగడం అదే మొదటిసారి. కామేశ్వరి గారు అన్నం తెచ్చి పెట్టారు. ఏ కూర ఎక్కడుందో ఆయన కంటికి ఆనలేదు గానీ, చెయ్యి మాత్రం తడుముకోకుండా నెయ్యి గిన్నె దగ్గరకి వెళ్ళింది.