సిగ్నల్ బండ మీద పదిహేడో నంబరు

పెదబయలు పైనున్న కొండూరిలో ఫోను పలకాలంటే అరగంట ఎక్కి బండ మీద కూర్చోవాలి. రత్నాలు రోజూ ఎక్కుతుంది. ఇంట్లో ఆమెతో మాట్లాడే మనిషి లేదు. చేసే పని మాత్రం మాటలతోనే. మనసు బాగోక వైద్యం చేయించుకుంటున్న ఏజెన్సీ జనం ఆన్‌లైన్‌లో రాసుకున్నవి, వాళ్ల ఒప్పుదలతో, పేర్లు తీసేసి నంబర్లతో ఆమెకు వస్తాయి. ఎవరు తేరుకుంటున్నారో కంప్యూటర్ ముందే మార్కు వేస్తుంది. అది సరిపోయిందో లేదో రత్నాలు చూడాలి. ఒక్కో పోస్టు మూడుసార్లు చదివితేగానీ ఆమె వేలు కదలదు.

పదిహేడో నంబరు ఒక అమ్మాయి. మొదట్లో వారానికొక ముక్క రాసేది. ఇప్పుడు రోజుకు మూడు. ‘మబ్బు దిగింది.’ ‘వలిసె పువ్వు బాగుంది.’ కంప్యూటర్ ‘కోలుకుంది’ అని తేల్చింది. రత్నాలు సరేనంటే వారం వారం నర్సు చేసే ఫోను ఆగిపోతుంది.

విశాఖలో ఈ లెక్కలు చూసే ఉదయ్‌కు రత్నాలు ఫోన్ చేసింది.

“కోలుకోలేదు సార్.”

“రోజూ రాస్తోంది కదమ్మా. అన్నీ మంచి మాటలే.”

“అదే సార్. ఊళ్లో సిగ్నల్ లేదు, కొండెక్కి రాస్తన్నానని మొదట్లోనే సెప్పింది. ఇప్పుడు కాఫీ పళ్ల కోతలు. జట్టంతా తోటకెల్లిపోతే ఆ గుంట ఒక్కర్తీ పొద్దల్లా బండ మీద ఏటి సేత్తాది?”

“మిషన్‌కి బండలు తెలీవు, రత్నాలుగారూ.”

“నాకు తెలుసు సార్. రోజూ కూకుంటన్నాను కదా.”

ఉదయ్ పదిహేడో నంబరు ఫైలు తెరిచాడు. నర్సు ఫోన్లు ఆపొద్దని రాసుకున్నాడు.

ఆరు వారాలకు పదిహేడో నంబరు రాసింది: ‘బుట్టకి కొత్త తాడు కట్టాను. రేపు జట్టుతో ఎల్తన్నాను.’ ఆ తర్వాత పది రోజులు ఏమీ లేదు. కంప్యూటర్ ‘ప్రమాదం’ అని ఎర్ర మార్కు వేసింది. రత్నాలు దాన్ని వెంటనే కొట్టెయ్యలేదు. నర్సమ్మని అడగమని ఉదయ్‌కు చెప్పింది.

మర్నాడు అతను నవ్వుతూ ఫోన్ చేశాడు. “సంతలో ఉండగా నర్సుకి ఫోన్లో దొరికిందట. జట్టు ఆగి ఉంది, బేగి ఫోను పెట్టెయ్యండని నర్సునే కసిరిందట.”

“మంచిది సార్.”

రత్నాలు ఎర్ర మార్కు తీసేసింది. కింద తోటలోంచి కోతవాళ్ల నవ్వులు బండదాకా వినిపిస్తున్నాయి. కొంగు తలమీదికి లాక్కుని, పద్దెనిమిదో నంబరు తెరిచింది.