మూడో ముక్క

నా చిన్నప్పుడు, అరవైల చివర్లో, మేము ఆమదాలవలసలో ఉండేవాళ్ళం. పక్కింటి అక్క లెక్కల్లో బీయస్సీ చేసి, రోజూ రైల్లో విజయనగరం వెళ్ళి టీచర్ ట్రైనింగు చదివేది. చేతకాక మధ్యలో మానేసిందని మా వీధిలో ఇప్పటికీ అంటారు. అది నిజం కాదు.

ట్రైనింగు వాళ్ళు బళ్ళో పాఠం చెబుతుంటే, వాళ్ళ మాస్టారు వెనక బెంచీలో కూర్చుని తప్పులు రాసుకునేవారు. అలాంటి పాఠానికి అక్క మా క్లాసుకి వచ్చింది. తలా ఒక కాగితపు త్రిభుజం చేయించి, మూడు మూలలూ చింపి పక్కపక్కన పేర్చమంది. అడుగున తిన్నని గీత రావాలి. ముందురోజు అరుగు మీద నాకది చేసి చూపించింది. అయినా క్లాసులో జవాబు ఇంకొకణ్ణి అడిగింది. నాకు ఉక్రోషం వచ్చింది. పక్కవాడి మూల ఒకటి నా ముక్కల్లో పెట్టి లేచాను, నాది వంకరగా వచ్చిందని.

అక్క పేర్చింది. మళ్ళీ పేర్చింది. వంకరే.

"టీచరమ్మకే రాటల్లేదురా!" అన్నాడొకడు. క్లాసంతా నవ్వింది. ఆ సంగతి ఇంటికి చేరింది. మర్నాటి నుంచి వాళ్ళ నాన్న ఆమెను రైలెక్కనివ్వలేదు.

ఆదివారం ఆ మాస్టారే వెతుక్కుంటూ వచ్చారు. నా ముక్కలు ఆ రోజే తీసి దాచారట. రెండు ముక్కలు రూళ్ళ కాగితంవి, మూడోది ఇంకెవరిదో తెల్ల కాగితంది. తప్పు అమ్మాయిది కాదు, పంపించండి అన్నారు.

అక్క నాన్న నావైపు తిరిగాడు. "ఏటిరా, ఆ ముక్క నువ్వు కలిపేవా?"

"నేదు పెదనాన్నా."

"సూసేరా మాస్టారూ? సిన్నపిల్లడు అబద్ధమాడతాడేటి?"

మాస్టారు నన్నొకసారి చూసి, చెప్పులేసుకుని స్టేషనుకి వెళ్ళిపోయారు. అక్క చదువు అక్కడితో ఆగిపోయింది.

ఆ మర్నాడు సాయంత్రం కూడా ఆమె నన్ను అరుగు మీదికి పిలిచింది. నా స్కూలు చదువు అయ్యేదాకా లెక్కలు చెప్పింది. ఆ లెక్కలతోనే నేను టీచరునయ్యాను.

మొన్నీమధ్య వెళ్ళి, నేనే కలిపానని చెప్పాను.

"నాకు తెల్దేటిరా?" అంది.

"మరి నాకెందుకు సెప్పేవక్కా లెక్కలు?"

"నాకు మిగిలిన క్లాసు నువ్వొక్కడివే కదరా."

రిటైరయ్యాక కూడా, ట్రైనింగు పిల్లలు మా బడికొచ్చినప్పుడల్లా వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంటాను. ఏ పిల్లయినా తడబడితే, నాకు అక్క అన్న ఆ మాటే వినిపిస్తుంది.