కంచె పక్కన బంతి మడి

మా పాపకు చలి మొదలైతే పిల్లికూతలు వస్తాయి. కార్తీకమాసం రాగానే అందరూ ఒత్తులూ ప్రమిదలూ సర్దుకుంటే, నేను నెబ్యులైజర్ మాస్కు వేడినీళ్ళలో కడిగి ఆరబెడతాను. కాబట్టి కొండాపూర్‌లో మా వీధి పార్కు గ్రూపులో "శనివారం శ్రమదానం, ఆదివారం వనభోజనం" అని మెసేజ్ పడగానే నేను చేయెత్తింది సేవాభావంతో కాదు. ఆ పార్కు కంచె వెంట వయ్యారిభామ మొక్కలు మొలిచాయి. వాటి పుప్పొడి పిల్లల ఊపిరితిత్తులకు మంచిది కాదని రెండు రోజులుగా ఫోన్లో చదువుతున్నాను. ఎవరో ఒకరు పీకాలి. వేరేవాళ్ళు వేళ్ళతో సహా పీకుతారని నాకు నమ్మకం లేదు.

పనులన్నీ పంచింది మా వీధిలో ఉండే రిటైరైన ఇంజినీరు గారు. ఆయన రిటైరయ్యారు గానీ ఆయన జాబితాలు కాలేదు. వంటలవాళ్ళకు ఉసిరి చెట్టు కింద చోటు ఊడ్చేవాళ్ళు ఒకరు, మడుల అంచు ఇటుకలకు సున్నం వేసేవాళ్ళు ఇద్దరు, క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ ఇప్పుడే లైట్ల తీగలు కట్టేవాళ్ళు నలుగురు. నా పేరు ఎదురుగా "కంచె వెంట కలుపు" అని ఉంది. పార్కులో రోజూ పనిచేసే తోటమాలి, గోపన్‌పల్లి నుంచి వచ్చే పెద్దమ్మ, ఆ గ్రూపులో లేదు. ఆమెది బటన్ల ఫోను. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

నేను పొడుగు చేతుల చొక్కా, రెండు జతల గ్లౌజులు, ముక్కు మీద గట్టి మాస్కు వేసుకుని దిగాను. మావారు చూసి, కలుపు తీయడానికా, ఆపరేషన్ చేయడానికా అని అడిగారు. పాపను ఉయ్యాల దగ్గరే ఉంచమని ఆయనకు మూడుసార్లు చెప్పి, ఫోన్లో ఫొటో పెట్టుకుని, ఒక్కో ఆకునూ దానితో పోల్చుకుంటూ పీకాను. చీలికల ఆకులు, జానెడు మొక్కలు. నేల తడిగా ఉంది, పట్టుకుంటే చాలు వచ్చేస్తున్నాయి. గంటలో కుప్ప పడింది. ఇంజినీరు గారు వచ్చి, ఇంత శుభ్రంగా ఎవరూ చేయలేదండి అని ఫొటో తీసుకున్నారు. నేను గాల్లో తేలిపోయాను.

అప్పుడే పాప తప్పించుకుని వచ్చింది. నేను అరిచేలోపు కుప్పలోంచి ఒక మొక్క తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"అమ్మా, దసరా వాసన."

మాస్కు కిందికి లాగాను. బంతి ఆకు వాసన. గుమ్మానికి తోరణం కట్టిన రోజు వేళ్ళకు అంటుకునే ఆ ఘాటు. వంగి చూస్తే మట్టిలో ఎండిన పూరేకులు, దండ గుచ్చిన దారం ముక్కలు ఉన్నాయి. ఇది కలుపు కాదు, ఎవరో కావాలని పోసిన నారు. ఎవరో అని ఎందుకు, పెద్దమ్మే.

నిజం చెప్పాలంటే నా మొదటి ఆలోచన చెత్త ఆటో గురించి. ఇంకో అరగంటలో వస్తుంది, కుప్ప వెళ్ళిపోతుంది, నారు ఎలుకలు కొట్టేశాయని అనుకుంటుందిలే అని. కానీ ఎండ కుప్ప మీదికి వచ్చేసింది. నేను చూస్తుండగానే కొసల ఆకులు వాలిపోతున్నాయి. ఇప్పుడు చెబితే కొన్నైనా బతుకుతాయి, మధ్యాహ్నం చెబితే ఒక్కటీ బతకదు. కుళాయి దగ్గర డ్రమ్ము నింపుతున్న పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పేశాను.

ఆమె వచ్చి కుప్పను చూసింది. మా వీధి గుమ్మాల నుంచి దిగిన దసరా దండలన్నీ ఏరుకొచ్చి, ఎండబెట్టి, ఆమే చల్లిందట. కొత్త సంవత్సరానికి పూస్తాయని. నేను ఏడుపు ముఖం పెట్టాను.

"ముక్కు కట్టేసుకుంటె ఏం ఎర్కైతది బిడ్డా," అంది. "జర ఆకు నలిపి చూడొద్దా? సరె, ఇగ నిలవడకు. గా గోనె సంచి తడిపి కప్పు. ఎండ ముదరకముందే నాటాలె."

లైట్లు కడుతున్నవాళ్ళు దిగి వచ్చారు. ఇంజినీరు గారు మొక్కకూ మొక్కకూ మధ్య ఎంత దూరం ఉండాలో కొలవడానికి టేపు తీశారు.

"సారూ, గా టేపు పక్కకు వెట్టి రెండు బకెట్ల నీళ్ళు తేండ్రి," అంది పెద్దమ్మ. ఆయన తెచ్చారు.

గ్లౌజులతో సన్నటి వేర్లు పట్టుకు చిక్కలేదు. విప్పేశాను. పాప నా పక్కన కూర్చుని బొటనవేళ్ళతో మట్టి నొక్కుతానంది. వద్దందామని నోటిదాకా వచ్చింది. దాని ఛాతీ వైపు చూస్తూ అలవాటుగా ఊపిరి లెక్కపెట్టాను. బాగానే ఉంది. నొక్కనిచ్చాను.

మర్నాడు అందరూ ఉసిరి కింద పులిహోర తింటుంటే నా చూపంతా కంచె వైపే. నారు మొత్తం నేలకు అంటుకుపోయి ఉంది. మూడు రోజులు పొద్దున్నే సీసా నీళ్ళతో వెళ్ళాను. బతకాలనుకున్నవి కూడా నీ నీళ్ళకే చస్తాయని పెద్దమ్మ నన్ను తరిమేసింది. నాలుగో రోజు కొన్ని తల ఎత్తాయి. అన్నీ కాదు.

డిసెంబరు చివరి వారం మడిలో సగం పూసింది. పసుపు, నారింజ, రెండూ కలిసిన ఒక వింత రంగు. మిగతా సగం ఖాళీ. అక్కడ కుండీలు పెడదామని ఇంజినీరు గారు అంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. సెలవులకు పార్కుకు వచ్చినవాళ్ళు ఆ ఖాళీ ఏమిటని అడుగుతారు. నేను పక్కనే ఉన్నా సరే, ఆమె వేలు నా వైపు చూపిస్తుంది.

"గీ మేడం పనే."

అవునండి, నా పనే అంటాను.